మూల విరిగిన పింగాణీ పన్ను

నా దగ్గర చదువుకుని కొత్తగా పళ్ల క్లినిక్ పెట్టుకున్న పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తుంటారు. రిటైరైన మనిషికి బోలెడంత తీరిక ఉంటుందని వాళ్ల నమ్మకం. టీ తాగినంతసేపూ మర్యాదగా నా మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతారు. కప్పు కింద పెట్టగానే అసలు సంగతికి వస్తారు. "మేడం, ఇంప్లాంట్ మీద పెట్టే సెరామిక్ పన్ను ఎన్నేళ్లు ఉంటుంది? పేషెంట్ అడిగితే ఏమని చెప్పాలి?"

పుస్తకాల్లో రాసిన జవాబు మీకూ తెలుసు. పన్ను నోట్లో మిగిలి ఉంటే మనుగడ అంటారు. మిగిలి ఉండి, పెచ్చు ఊడకుండా, చుట్టూ ఎముక తరగకుండా ఉంటే సఫలం అంటారు. ఆ లెక్క తప్పని నేననను, నేనూ దాన్నే నమ్ముకుని బతికాను. కాకపోతే ఆ లెక్కలో పన్ను ఒక్కటే ఉంటుంది. అందుకని అడిగినవాళ్లకు సూటిగా జవాబు చెప్పకుండా ఒక మనిషి ముందుపన్ను సంగతి చెబుతుంటాను. సగం మంది మధ్యలోనే గడియారం చూసుకుంటారు. మీరు చదువుతున్నారు కాబట్టి నాకు ఆ బాధ లేదు.

నా క్లినిక్ పటాన్‌చెరులో హైవే పక్కన, ఒక టైర్ల షాపు మీద మేడ. కింద లారీల హారన్లు, పైన నా డ్రిల్లు. ఏ చప్పుడు ఎక్కడిదో తెలియక కొత్త పేషెంట్లు ఊరికే ఉలిక్కిపడేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. షిఫ్టు దిగి అదే యూనిఫాంలో వచ్చి, నొప్పి తగ్గితే చాలు మళ్లీ కనబడరు. ఆ తీరు మీద నాకు ఎప్పుడూ కోపంగానే ఉండేది. పన్ను పెట్టించుకుని వెళ్లినవాడు ఎలా ఉన్నాడో కనుక్కుందామని ఫోన్ చేస్తే, "మంచిగనే ఉన్న మేడం, ఎందుకు ఫోన్ జేసిన్రు?" అని అనుమానంగా అడిగేవారు.

ఒకరోజు పొద్దున్నే ఒకాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. సంగారెడ్డి మనిషి. వాళ్ల తండ్రీ తాతా కూడా పెళ్లి బ్యాండులో ఊదినవాళ్లే, ఈయనది క్లారినెట్. నలభై దాటి ఉంటాయి. మనిషి సన్నగా ఉన్నా గొంతు నిండుగా ఉంది.

"ఏమైంది భాయ్?" అన్నాను.

"తెల్లాపూర్ దిక్కు బారాత్ మేడం. పెండ్లికొడుకు దోస్తులు ఎగురుతున్నరు. ఒకని మోచెయ్యి వచ్చి బాజాకు తగిలింది. బాజా వచ్చి పన్నుకు తగిలింది." ఎవరో ముక్కూముఖం తెలియని వాడికి జరిగినట్టు చెప్పాడు. తువ్వాలు తీస్తే పై వరస ముందుపన్ను వేలాడుతోంది.

ఎక్స్‌రే తీశాను. వేరు నిలువునా చీలింది. దాన్ని కాపాడే దారి లేదని చెప్పాను. ఆయన నొప్పి గురించి అడగలేదు, ముఖం ఎలా ఉంటుందని అడగలేదు.

"మేడం, నేను మళ్ల ఊదుతనా?"

క్లారినెట్ నోట్లో పెట్టుకునే మూతిని పై ముందుపళ్లే మోస్తాయి. కింది పెదవి దాన్ని కింద నుంచి పట్టి ఉంచుతుంది. మధ్యలో సన్నటి రెల్లు ముక్క అదురుతుంది. పై పన్ను లేకపోతే మూతి ఆనడానికి చోటుండదు. అప్పటికి ఇదంతా నాకు తెలియదు, ఆయనే చూపించి చెప్పాడు. ఊదుతావులే అన్నాను. డాక్టర్లు ఊరికే అనే మాట అది. ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

పన్ను తీసేముందు అలవాటుగా నోటి అచ్చు తీసుకున్నాను. తీసిన చోట ఎముకలోకి టైటానియం స్క్రూ దించాను. ఎముక ఆ స్క్రూను పట్టుకోవడానికి కొన్ని నెలలు ఆగి, అప్పుడు దాని మీద పింగాణీ పన్ను బిగిస్తాం. ఇప్పటి పిల్లలు తొందరపడుతున్నారు కానీ అప్పట్లో నేను పూర్తిగా ఆగే రకం. ఆ నెలలన్నీ ఆయన అదే బ్యాండులో సైడ్ డ్రమ్ము కొట్టాడు. క్లారినెట్‌కు బీదర్ నుంచి ఒకతన్ని పిలిపించుకున్నారు.

"బ్యాండ్ మాస్టర్ మా మామ కొడుకే మేడం. గని పెండ్లోళ్లకు బాజా గావాలె గద. ఈ శ్రావణం లగ్గాల దాంక నా జాగ ఉంచుతా అన్నడు. అటెన్క బీదరాయనే పక్కా."

నా పళ్లన్నీ చేసేది సంగారెడ్డి పాతబజారులో రెండు గదుల ల్యాబ్ నడిపే ఒక టెక్నీషియన్. నాకంటే కాస్త పెద్దవాడు, అన్నా అని పిలిచేదాన్ని. ఔసుల ఇంట్లో పుట్టాడు. వాళ్ల నాన్న బంగారు తొడుగులు చేసి కలిగినవాళ్ల పళ్లకు తగిలించేవాడట. ఈయన బంగారం నుంచి పింగాణీకి మారాడు, అంతే. చెయ్యి అద్భుతం, నోరు అంతకంటే ఎక్కువ. "నేను జేసిన పన్ను పెడ్తె, తను పెట్టిన పన్నేదో దేవుడే గుర్తుపట్టడు డాక్టరమ్మా" అనేవాడు. పన్ను తయారైతే చిన్న డబ్బాలో పెట్టి పటాన్‌చెరు వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. నేను కిందికి దిగి అందుకునేదాన్ని. ఒక్కసారి కూడా డబ్బా తప్పిపోలేదు.

ఆయనకొక అలవాటు ఉంది. పన్నును గరగర అరగదీసి, కంటి దగ్గరికి తెచ్చుకుని, ఫూ అని ఊది పొడి ఎగరగొట్టి చూసుకునేవాడు. తరతరాలుగా ఊదుగొట్టంతో నిప్పు రాజేసిన ఇల్లు కదా, పని అంటే ఊదటం కూడా అందులో భాగమే. మీసాల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. నేను కొనిచ్చిన మాస్కు మేకుకు వేలాడుతుండేది. తిట్టేదాన్ని. "మాస్కు పెట్టుకుంటె ఊదుడెట్ల?" అని అమాయకంగా అడిగేవాడు. పొడి పీల్చే యంత్రం పెట్టుకో అంటే, అది పన్ను అంచును చూడనిస్తదా అనేవాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు.

భాయ్ పన్ను వచ్చింది. లోపల గట్టి జిర్కోనియా, మీద పొరలు పొరలుగా వేసి కాల్చిన పింగాణీ. పక్క పన్నులో ఉన్న సన్నటి పసుపు జీర కూడా దించాడు. బిగించి అద్దం ఇస్తే భాయ్ చాలాసేపు నవ్వుకుంటూ చూసుకున్నాడు. నేను ఫోన్ చేసి మెచ్చుకుంటే టెక్నీషియన్ అన్న ఒదిగి మాట్లాడుతున్నట్టు నటించాడు.

రెండు రోజులకే భాయ్ మళ్లీ వచ్చాడు.

"చూడనీకి మస్తుగున్నది మేడం. ఊదుతె హవా పక్కకెళ్లి పోతున్నది. పై సురం పట్టుకుంటె కీచుమంటున్నది."

సొంత పన్నుకూ ఎముకకూ మధ్య పల్చటి మెత్త ఉంటుంది, ఎంత ఒత్తిడి పడుతోందో అది చెబుతుంది. ఇంప్లాంట్‌కు ఆ మెత్త ఉండదు, ఎముకతో ఒకటైపోతుంది. అందువల్ల కొత్తగా ఉంటుంది, కొన్నాళ్లు సాధన చేస్తే అలవాటవుతుందని సర్దిచెప్పి పంపాను. వారం తర్వాత వచ్చినప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. బ్యాండ్ మాస్టర్ ముందు ఊదితే ఆయన అక్కడికక్కడే బీదర్ అతనికి ఫోన్ కలిపాడట. శ్రావణం దగ్గర పడుతోంది.

ఈసారి నేను ఆయన బాజా తెప్పించాను. పళ్లు ఎక్కడ తగులుతున్నాయో తెలుసుకోవడానికి మేం వాడే పల్చటి నీలం కాగితాన్ని క్లారినెట్ మూతికి చుట్టి ఊదమన్నాను. తీసి చూస్తే నీలం మరక కొత్త పన్ను కింద ఒక్కచోటే పడింది. పక్క పన్ను మూతిని తాకడమే లేదు. అప్పుడు అలమరలోంచి పాత అచ్చు మీద పోసిన ప్లాస్టర్ పళ్లు తీశాను. ఆయన పాత పన్నుకు లోపలి మూల లేదు, ఏటవాలుగా విరిగి ఉంది. అది కూడా బారాత్ దెబ్బకే అనుకుని అప్పట్లో నేను పట్టించుకోలేదు.

"ఇదెప్పుడు విరిగింది భాయ్?"

"చిన్నప్పుడే మేడం. మీసం రాకముందే."

అంటే క్లారినెట్ పట్టేనాటికే ఆ మూల లేదు. మూతి ఆ ఖాళీలో ఒదిగి, బరువు పక్క పన్ను మీద పడేది. ఆయన నేర్చుకున్నదంతా ఆ విరిగిన మూలతోనే నేర్చుకున్నాడు. మేమేమో చక్కటి నిండుపన్ను చేసి, ఆయన సురం కూర్చునే చోటు మూసేశాం. ఆయనకూ ఆ సంగతి తట్టలేదు. విరిగిన పన్ను కావాలని ఎవరు అడుగుతారు?

నేను ఫోన్‌లో చెప్పగానే టెక్నీషియన్ అన్న అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు.

"పలిగిన పన్ను జెయ్యాల్నా నేను? ఆయన పెండ్లిల అందరి ముంగట నోరు తెరుస్తడు. ఎవరు జేసిన్రని అడిగితె నా పేరు చెప్తడు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ సంగతి తర్వాత. ఆయన బతుకు పోతున్నది అన్నా."

"అందం ఒక్కటే కాదు డాక్టరమ్మా. ఏటవాలుగ సన్నగ తీస్తె పింగాణి నిలువది. రోజు దాని మీద బాజా అదురుతుంటె పెచ్చులు పెచ్చులు లేస్తది. మీకు తెల్వదా?"

తెలుసు. పై పొర పెచ్చు ఊడటమే ఈ పళ్లకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జబ్బు. అయినా చెయ్యమన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

చాలా రోజులు డబ్బా రాలేదు. ఇక చెయ్యడేమో, ఇంకో ల్యాబ్ చూసుకోవాలేమో అనుకుంటుండగా ఒక మధ్యాహ్నం ఆయనే చొక్కా జేబులో డబ్బా పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అన్నేళ్లలో నా క్లినిక్‌కు రావడం అదే మొదలు. కుర్చీ చూసి, లైటు చూసి, "గిదేనా మీ లైటు? దీని కింద పన్ను రంగేం తెలుస్తది?" అని వెక్కిరించాడు. భాయ్‌ని పిలిపించి పన్ను మార్చాను. అద్దంలో చూసుకుంటే ఆయనకు తన పాత ముఖమే కనబడింది.

"ఊదు ఉస్తాద్" అన్నాడు అన్న.

భాయ్ వెయిటింగ్ రూములో నిలబడి ఊదాడు. పెళ్లికూతురు అత్తారింటికి కదిలేటప్పుడు వాయించే పాట. గదిలో దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్లు తల ఎత్తారు. ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. కింద టైర్ల షాపు వాళ్లు గాలి మిషన్ ఆపేసి మేడ వైపు చూశారు. టెక్నీషియన్ అన్న మాత్రం గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డాడు. పాట అయిపోయాక ఇటు తిరిగి, మెచ్చుకుంటాడనుకుంటే వేలు చూపించి బెదిరించాడు.

"చూడు ఉస్తాద్, ఇది మూల లేని పన్ను. ఏడాది ఉంటే గొప్ప. ఏడాదికోసారి డాక్టరమ్మకు చూపియ్యకపోతె నడి బారాత్‌ల నోట్లకెళ్లి రాలి పడ్తది. అప్పుడు నా దగ్గరికి రావొద్దు."

పేషెంట్ ముందు అలా మాట్లాడతారా అని తర్వాత చెడామడా తిట్టాను. ఆయన నా టీ తాగి, సంగారెడ్డి బస్సెక్కి వెళ్లిపోయాడు.

శ్రావణం లగ్గాలకు భాయ్ తన చోటులో నిలబడ్డాడు. బీదరాయన తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ సీజన్‌కు ముందు భాయ్ తప్పకుండా వచ్చేవాడు. నా పేషెంట్లందరిలో అంత నిక్కచ్చిగా వచ్చినవాడు లేడు. ఆ పన్ను వల్లే, ఏళ్లు గడవడం అంటే ఏమిటో నాకు దగ్గరగా తెలిసింది. చుట్టూ ఉన్న పళ్లు పాన్‌కూ చాయ్‌కీ రంగు మారాయి. చిగురు కాస్త పైకి జరిగింది. పక్క పన్ను మెల్లగా ఒరిగి మధ్యలో సందు వచ్చింది. ఒకసారి లోపలి స్క్రూ వదులైతే బిగించాను. ఆయన జుట్టు నెరిసింది, మామ కొడుకు తర్వాత బ్యాండుకు ఆయనే మాస్టర్ అయ్యాడు. పింగాణీ పన్ను మాత్రం పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నోరంతా ముందుకు నడుస్తుంటే అదొక్కటి నిలబడిపోయింది.

టెక్నీషియన్ అన్నకు దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా గుర్తులేదు. మా వైపు దగ్గును ఎవరూ పట్టించుకోరు. సాయంత్రమైతే ఏదో ఒక కంపెనీ వాసన వస్తుంది, అందరూ దగ్గుతారు, అందరూ కంపెనీలను తిడతారు. ఆయనా అందరికంటే గట్టిగా తిట్టాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అన్నప్పుడు నేను బలవంతంగా ఛాతీ డాక్టరు దగ్గరికి పంపాను. ఊపిరితిత్తులు పొడితో గట్టిపడిపోయాయని, బాగుచేసే మందు లేదని ఆయన చెప్పాడు. అది పరిశ్రమల పొగ కాదు. పింగాణీ పొడి, లోహం పొడి. తన బల్ల మీది పొడే.

"ఇన్నేండ్లు కంపెనోళ్లను ఉత్తగనే తిట్టిన" అన్నాడు నాతో. నవ్వడానికి ప్రయత్నించాడు. నాకు నవ్వు రాలేదు. మేకుకు వేలాడే మాస్కు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం అది.

ల్యాబ్ మూతపడింది. నేను హైదరాబాద్ ల్యాబులకు పళ్లు పంపడం మొదలుపెట్టాను. అక్కడ కంప్యూటర్ కొలతలు తీస్తే యంత్రం చెక్కుతుంది. బాగానే ఉంటాయి. వాటిని చూసి గొప్పలు చెప్పుకునేవాళ్లు ఉండరు, అంతే తేడా.

నేను క్లినిక్ మూసేయడానికి కొద్ది కాలం ముందు, ఎప్పటిలాగే భాయ్ సీజన్‌కు ముందు వచ్చాడు. పన్ను మీద లైటు పక్క నుంచి వేసి చూస్తే, విరిగినట్టు చేసిన మూలకు దగ్గరగా వెంట్రుకంత గీత కనబడింది. గాలి కొట్టి, ఆరబెట్టి మళ్లీ చూశాను. ఉంది.

పన్ను విప్పి కొత్తది చేయించవచ్చు. కానీ యంత్రం చేసిన పన్ను ఆ ఏటవాలుకు అచ్చంగా వస్తుందా? రాకపోతే సీజన్ పోతుంది. ఆ వయసులో ఆయన నోరు మళ్లీ కొత్తగా నేర్చుకోవడం కష్టం. ఆయన ఊదకపోతే బ్యాండు కూడా నిలవదు, ఆ పది పదిహేను ఇళ్లూ ఆయన మీదే ఆధారపడి ఉన్నాయి. అలాగే వదిలేస్తే గీత పాకి పెచ్చు ఊడవచ్చు, అదీ నడి ఊరేగింపులో. అంతా లోపలి జిర్కోనియా ఎంతవరకు ఉందన్న దాని మీద ఆధారపడి ఉంది. ఎక్స్‌రేలో ఆ తేడా తేలలేదు. చేసిన మనిషి ఒక్కడికే తెలుసు.

"అన్న ఇంటికి పోదాం పా భాయ్" అన్నాను.

సంగారెడ్డిలో ఆయన ఇంటికి వెళ్లేసరికి వదిన తలుపు తీసింది. లోపల ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది. అన్న మంచం మీద దిండును ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందదట. ముక్కులో గొట్టాలు. మీసాలు మాత్రం నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వాటిని పొడి లేకుండా చూడటం నాకు అదే మొదటిసారి.

"ఏంది ఉస్తాద్... పలిగిందా?"

"మేడం గీత వచ్చిందంటున్నరు. నాకైతే కనిపిస్తలేదన్నా."

వదిన ఆయన పని భూతద్దం తెచ్చి ఇచ్చింది. నేను టార్చి పట్టుకున్నాను. భాయ్ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాడు. అన్న చాలాసేపు చూశాడు. బొటనవేలి గోరుతో పన్ను అంచు మీద మెల్లగా గీశాడు. ఆ తర్వాత నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. వదిన వీపు రాసింది. అది తగ్గేదాకా మేమిద్దరం ఎటు చూడాలో తెలియక నేల చూశాం.

"డాక్టరమ్మా" అన్నాడు చివరికి. "ఇన్నేండ్లు చూసిన్రు. ఆ మూల జెర ఎక్కువ తెల్లగ కొడ్తదని... ఎన్నడన్న అనుమానం రాలేదా?"

వచ్చింది. బాజా రాపిడికి మెరుగు తేలి ఉంటుందనుకున్నాను.

"ఆడ పింగాణి పెట్టనే లేదు. లోపలి గట్టిదాన్నే మూల దాంక గుంజుకొచ్చిన. పింగాణి పెడ్తె అందం ఉంటుండె. ఊదెటోనికి నిలువకపోతుండె." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "గీత పైపొరలనే ఉన్నది. ఎంత పాకినా ఆడికొచ్చి ఆగుతది. విప్పకుర్రి. రబ్బరు పెట్టి నున్నగ జెయ్యండి, సాలు."

ఇజ్జత్ ఏం గావాలని ఫోన్‌లో అరిచిన మనిషి, ఎవరికీ చెప్పకుండా తన అందాన్ని తనే తగ్గించుకుని పన్ను చేశాడు. అన్నేళ్లూ ఆ మాట కడుపులో దాచుకున్నాడు.

"మరి ఏడాదిల రాలి పడ్తదంటివి గద అన్నా" అన్నాడు భాయ్. గొంతులో నిష్ఠూరం ఉంది. "ప్రతి బారాత్‌కు భయపడుకుంట ఊదిన."

"అననిది నువ్వు వస్తుంటివా? ఈ పటాన్‌చెరు దిక్కు పన్ను పెట్టించుకున్నోడు మళ్ల డాక్టరు మొఖం చూస్తడా? పర్మినెంట్ అంటిమంటె పండుగ చేసుకుంట పోతడు. చిగురు కుళ్లి స్క్రూ చేతికొచ్చినంక గాని రాడు." నా వైపు తిరిగాడు. "మీ మాట ఒక్కడు ఇనలే డాక్టరమ్మా. నా మాట ఈయనొక్కడు ఇన్నడు."

నేను ఎన్నో ఏళ్లు ఫోన్లు చేసి, బతిమాలి, కోప్పడి చేయలేకపోయినదాన్ని ఈయన ఒక్క అబద్ధంతో చేశాడు. రోగికి అబద్ధం చెప్పకూడదని మీకు పాఠాలు చెప్పినదాన్ని నేనే.

"ఇగ ఊదు" అన్నాడు అన్న.

భాయ్ ఆక్సిజన్ మిషన్ వైపు చూశాడు. "ఇప్పుడొద్దన్నా. నువ్వు జెర నిమ్మళమైనంక ఊదుత."

"నేను నిమ్మళమైతనా? నేను జేసింది నడుస్తున్నదో లేదో నేను ఇనొద్దా? ఊదు."

ఊపిరి అందని మనిషి ముందు ఊపిరితో బతికే మనిషి ఎలా ఊదుతాడు? అయినా భాయ్ బాజా బిగించి, గోడ వైపు కాస్త తిరిగి, మిషన్ చప్పుడుకు మించకుండా చిన్నగా ఊదాడు. ఏ పాటో నాకు తెలియలేదు. అన్న కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన పెదవులు ముందుకు వచ్చి గుండ్రంగా ముడుచుకున్నాయి. అలాగే ఉండిపోయాయి. గాలి రాలేదు. నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగే మిషతో ఏడ్చాను.

మర్నాడు పన్నును రబ్బరు చక్రంతో నున్నగా చేశాను. గీత అక్కడే ఉంది, మూల దగ్గరికి వచ్చి ఆగింది. సీజన్ అంతా భాయ్ ఊదాడు.

వానలు వెనకబట్టేలోపే అన్న పోయాడు.

నేను వెళ్లేసరికి వాళ్ల సందులో బ్యాండు నిలబడి ఉంది. ఎవరూ పిలవలేదు. రంగు వెలిసిన ఎర్ర కోట్లు, జరీ అంచులు. వదిన భాయ్ దగ్గరికి వచ్చి ఏదో అంది, ఆయన తల ఊపాడు. పాడె లేచింది. డోలు మొదలైంది. భాయ్ అందరికంటే ముందు నిలబడి క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాడు.

శబ్దం రాలేదు.

వేళ్లు రంధ్రాల మీద ఉన్నాయి. బుగ్గలు కదిలాయి. ఒక్క సురం కూడా పలకలేదు. గీత పాకింది, పన్ను పోయింది, ఈరోజే పోయింది అనుకున్నాను. ఆయన బాజాను నోట్లోంచి తీయలేదు. పక్కనున్న ట్రంపెట్ అతను అందుకోబోతే చేత్తో వారించాడు. సందు దాటాం, పెద్దరోడ్డు ఎక్కాం. దారి పొడుగునా డోలు ఒక్కటే మోగింది. దాని ముందు ఆయన మోగని క్లారినెట్ పట్టుకుని నడిచాడు. చూసేవాళ్లు అదేదో పద్ధతి అనుకుని దారి ఇచ్చారు.

వైకుంఠధామం గేటు దగ్గర జనాన్ని తోసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"భాయ్, పన్ను విరిగిందా?" అన్నాను. అలాంటి చోట అడగాల్సిన మాట కాదు. నాకు అదొక్కటే నోటికి వచ్చింది.

ఆయన బాజా కిందికి దించి, పై పెదవి వేలితో ఎత్తి చూపించాడు. పన్ను ఉంది. మూల కూడా ఉంది.

"దీనికేం కాలే మేడం" అన్నాడు. "అన్న పని అన్న పక్కా జేసిండు. నాకే ఊపిరి వస్తలేదు."